సమూయేలు చెవి పరీక్ష

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, బహ్రెయిన్‌లోని సిత్రాలో చమురు ట్యాంకులు మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ క్లినిక్‌లో నన్ను నర్సుగా వేశారు. మోతలో పనిచేసేవాళ్లకు ఏటా చెవి పరీక్ష చేయడం నా బాధ్యత. మనిషిని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, సన్నని కూతలు వినిపిస్తాం. వినిపించినప్పుడల్లా అతను చేతిలోని బటన్ నొక్కాలి.

మూడో ఏడు ఒక ఉదయం గుమ్మంలో నిలబడి "సమూయేలు" అని మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి పక్కనున్న రాజన్న మోచేత్తో పొడిస్తే లేచాడు. సమూయేలుది అమలాపురం వైపు. క్రేన్ సిగ్నల్‌మన్, అంటే కింద నిలబడి చేతి సైగలతో క్రేన్ నడిపించే మనిషి. జగిత్యాల రాజన్న ఆ క్రేన్ హుక్కుకు సామాన్లు కట్టేవాడు.

సమూయేలు ఠంచనుగా బటన్ నొక్కాడు. అనుమానం వచ్చి కూత ఆపేశాను. అయినా నొక్కుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. హెడ్‌ఫోన్ లాగేసి, వినపడకుండానే నొక్కుతున్నావా అని అరిచాను.

ఆయన తాపీగా చెప్పాడు: "మా అమ్మకి పన్నెండేళ్లు పిల్లల్లేరండి. బైబిల్లో హన్నా అనే ఆవిడా అలాగే మొక్కుకుని కన్నాదండి. ఆ కొడుకు పేరే నాకెట్టారు. హీబ్రూలో 'దేవుడు విన్నాడు' అనంటండి. ఇన్నది దేవుడండి, నేను కాదు."

ఆ పేరుకు 'దేవుని పేరు' అనే అర్థం కూడా చెబుతారని తర్వాత చదివాను. నా ఫారంలో దేనికీ గడి లేదు.

రాజన్న లోపలికొచ్చాడు. "ఫెయిల్ రాయకుండ్రి సార్. ఇంటికి తోలేస్తరు. ఆయన చెయ్యి చూసే మేం పని చేస్తం."

సైటులో ఎవరు "ఆపు" అని అరిచినా సిగ్నల్‌మన్ క్రేన్ ఆపించాలి. రేపు నువ్వే అరిస్తే ఏమిటని రాజన్నను అడిగాను. మా పెదవులు చూస్తున్న సమూయేలే అన్నాడు: "రాసెయ్యండి సార్. హుక్కు కింద ఉండేది ఈడేగా."

సిగ్నల్ పనికి అన్‌ఫిట్, స్టోర్ డ్యూటీకి ఫిట్ అని రాశాను. కంపెనీ మొదటి ముక్క దగ్గరే ఆగి, ఖలాస్, ఉద్యోగం అయిపోయింది అంది. నెల తిరక్కుండా ఆయన విమానమెక్కాడు. నాకు చాలా బాధ కలిగింది.

తర్వాత పాత ఫైలు తీశాను. అంతకుముందు రెండేళ్లూ 'వినికిడి బాగుంది' అన్న చోట సంతకం నాదే. ఆ రెండేళ్లూ గుమ్మంలోంచి మూడేసిసార్లు పిలిచి, పరధ్యానం మనిషని విసుక్కున్నదీ నేనే. అప్పుడే పట్టుకుని ఉంటే మోతలోంచి ముందే తప్పించమనేవాణ్ణి.

చెవి పరీక్ష గదిలో కాదు, గుమ్మం దగ్గరే మొదలవుతుందని అలా తెలిసింది. అప్పటినుంచి రెండో పిలుపుకు లేవని మనిషి పేరు ముందుగా కాగితం మీద రాసుకునేవాణ్ణి. మూడోసారి పిలిచేవాణ్ణి కాదు.