ఇంటిపేరుకు లేచినవాళ్ళు

ఆ గురువారం సత్తెనపల్లి క్లినిక్కులో ఉన్నవి: ప్లాస్టిక్ కుర్చీలు, మూలన టీవీ, దాని కింద రోగులను పిలిచే స్పీకరు, లోపలి గదిలో వీడియో డాక్టరు కనిపించే కంప్యూటరు. ఉన్నవాళ్ళు: ఒక నర్సు, మోకాళ్ళు పట్టుకుని ఒక తాత, ఆయనతో ఒకే ఆటోలో దిగిన ఊరివాళ్ళు, ఈ యంత్రాలు చెడితే బాగుచేసే నేను, నా పక్క కుర్చీలో ఒక అక్క.

అక్క ట్రాన్స్‌జెండర్ మహిళ. గుంటూరు నుంచి హార్మోన్ల డాక్టరమ్మ తెర మీద చూస్తేనే మాత్రలకు చీటీ ఇస్తుంది. ఉన్న మాత్రలు అయిపోవచ్చాయి. చిక్కల్లా స్పీకరుతోనే. అది ఆధార్‌లో ఉన్న పేరు చదువుతుంది. ఆధార్‌లో ఇంకా అక్క పాత పేరే ఉంది.

"ఆ పెట్టె నన్ను మగపేరుతో పిలిచిందంటే ఇట్నుంచి ఇటే బస్టాండుకి పోతా. పోయినసారీ అట్టానే పోయా," అంది అక్క.

"నర్సమ్మనే నోటితో పిలవమందామా?"

"ఆమె లోపల కెమెరాతో కుస్తీ పడతా ఉంది. నువ్వు ఇంజనీరువేగా, ఏందో ఒకటి చెయ్యి."

టోకెన్ నంబరు చదివే ఏర్పాటు ఆ ప్రోగ్రాంలో లేదు. సెట్టింగుల్లో రెండే గడులున్నాయి: ఇంటిపేరు, పేరు. రెండో గడిలో టిక్కు తీసేశాను. ఇంటిపేరుకు ఆడా మగా తేడా ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

స్పీకరు అక్క ఇంటిపేరు పిలిచింది. అక్క లేచింది. తాత లేచాడు. తాత వెనకే ఆయనతో ఆటోలో దిగినవాళ్ళు ఇద్దరు లేచారు. ఒక ఇంటిపేరు ఎన్ని ఊళ్ళలో ఉంటుందో నేను లెక్కలో వేసుకోలేదు.

"కూర్చోండ్రా, నన్ను పిలిచింది," అన్నాడు తాత.

"ఇంటిపేరు నీ ఒక్కడిదేనా ఏంది?" అన్నాడు వెనకాయన.

తాత అక్కను ఎగాదిగా చూశాడు. అక్క బ్యాగు పట్టీ బిగించి పట్టుకుని గుమ్మం వైపు చూసింది.

"నువ్వూ మనోళ్ళేనా? ఏ ఊరు?"

"ముప్పాళ్ళ."

"అక్కడా ఉన్నారు మనోళ్ళు, మర్చేపోయా. నీకేంది జబ్బు?"

"జబ్బేం లేదు తాతా. టీవీలో డాక్టరమ్మకి చూపించుకోవాలి."

"నాది మోకాలు. సినిమా డాక్టరు నాకెందుకు? పోవే అమ్మా, నువ్వే పో."

అక్క లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒకాయన తలుపు తొయ్యబోతే తాత కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగవయ్యా. లోపల మా ఇంటిపిల్ల ఉంది."

అక్క చీటీతో బయటికొచ్చి, "ఆ టిక్కు జోలికి పోమాక," అని నాకు చెప్పి బస్టాండుకి వెళ్ళింది. నేను దాని జోలికి పోలేదు. సాయంత్రం దాకా ఆ ఇంటిపేరు పిలిచినప్పుడల్లా హాల్లో పేచీ నడిచింది.

అక్క కోసం వచ్చిన పిలుపుకు లేచినవాళ్ళు నలుగురు.