మూవీ మేకర్‌లో పదకొండు ఎర్ర గుర్తులు

మొన్న మా చెల్లెలి కూతురు గృహప్రవేశం చేసుకుంది. భోజనాలయి ఇంకా విస్తర్లు ఎత్తకముందే, దాని ఫోనులో ఆ పొద్దుటి ఫోటోలన్నీ వాటంతట అవే వరసలో కూర్చుని, వెనక సన్నాయి కూడా తగిలించుకుని, ఒక చిన్న సినిమాగా తయారైపోయాయి. ఎవరు చేశారే ఇది అని అడిగితే, ఎవరూ చేయలేదు పెద్దమ్మా, ఫోనే చేసింది అంది. అందరూ ముచ్చటపడి రెండుసార్లు చూశారు, నేనూ చూశాను, కానీ తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర మాడిపోయిన వంటావిడ అందులో ఒక్కసారి కూడా కనబడలేదేమని నాకు ఒళ్ళు మండింది. ఎవరు ఉండాలో, ఎవరి తర్వాత ఎవరు రావాలో తేల్చుకోవడానికి పదకొండుమంది ఆడవాళ్ళు నాతో మూడు వారాలు పోట్లాడిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు మా చేతిలో ఉన్నది మూవీ మేకర్ అనే కంప్యూటరు ప్రోగ్రాం.

మన ఈడువాళ్ళలో కంప్యూటరు ముందు కాస్తో కూస్తో కూర్చున్నవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది. దాన్ని కొనక్కర్లేదు, కంప్యూటరుతో పాటే వచ్చేది, అందుకేనేమో దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. మొట్టమొదట వచ్చినది మరీ బోడిగా ఉండేదని విన్నాను, నేను చూడలేదు. దాని తర్వాతిదే నాకు అందింది. తెర అడుగున వరసగా గళ్ళు, ఒక్కొక్క గడిలో మనం తీసిన ఒక్కొక్క వీడియో ముక్క, గడికీ గడికీ మధ్య ఇంకో చిన్న గడి. ఆ చిన్న గడిలో పేజీ తిరిగినట్టో నక్షత్రం విచ్చుకున్నట్టో ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి పోయే ఏర్పాటు. పేర్లు వేసుకోవడానికి వేరే చోటు. బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చినవాళ్ళెవరికైనా అది ఒక పూటలో వచ్చేస్తుందని నేను అందరికీ చెప్పేదాన్ని.

నేను బుచ్చిరెడ్డిపాలెం పిల్లని. వరి చేల మధ్య పుట్టి పెరిగి, వయోజన విద్యలో ఉద్యోగం వచ్చి, కోట మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పట్టపు పాలెంలో, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడానికి వెళ్ళాను. ఇప్పుడు దాచుకోవడం దేనికి, వెళ్ళిన కొత్తలో బస్సులో చేపల గంపతో ఎవరైనా పక్కకు వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగి కూర్చున్నదాన్నే నేను. ఆ జరిగి కూర్చోవడాన్ని వాళ్ళు చూశారనీ, చూసి కూడా మర్నాడు నాకు ఇంటి నుంచి చేపల పులుసు పంపారనీ తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తర్వాత నేను వాళ్ళ పక్షాన గొంతు చించుకుని అరిచేదాన్నయ్యాను, కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకుండే ఆవేశం కాబోలు.

వాళ్ళ కష్టమల్లా ఆ బస్సుతోనే. ఒడ్డుకు వచ్చిన చేపను తెల్లవారగానే గంపలకెత్తుకుని కోటకో గూడూరుకో చేరిస్తేనే దానికి విలువ. పొద్దున మా దారిలో వచ్చే మొదటి బస్సు గంపలు కనబడితే ఆగేది కాదు, ఆగినా సాటి ప్రయాణికులు వాసనని గొడవ చేసి దింపించేవారు. మిగిలింది నడక. ఎండ ముదిరేసరికి చేప మెత్తబడుతుంది, మెత్తబడ్డ చేపను ఎవరూ కొనరు, తిరిగి తెచ్చుకుని ఇసుకలో ఎండబెట్టుకోవడమే. పాలెంలో అప్పటికే నలుగురు ఈ పని మానేసి ఇళ్ళలో కూర్చున్నారు, ఇంకో ఎండాకాలం ఇలాగే గడిస్తే మిగతావాళ్ళూ మానుకునేలా ఉన్నారు. ఆ బస్సులో వెనక సీట్లు నాలుగు తీసేసి గంపలకు చోటివ్వమని మేము మూడు అర్జీలు పెట్టాం. మూడింటికీ జవాబు లేదు. నాలుగోది రాయడానికి కూర్చున్నప్పుడు, వాళ్ళలో పెద్దది, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, నా చేతిలో కాగితం లాక్కుని, "కాయితాలు సాలమ్మా, మమ్మల్నే సూపించు వాళ్ళకి, ఎట్టా సూపిస్తావో నాకు తెలీదు," అంది.

మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, కోటలో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. వాడి చిన్న కెమెరా అడిగి తెచ్చాను. తీసినదంతా కోటలో మా కార్యాలయం కంప్యూటరులోనే ఉన్న ఉచితపు ప్రోగ్రాంతో నేనే కూర్చుకుంటానంటే వాడు పగలబడి నవ్వాడు. వాడి పెళ్ళి టేపులన్నీ మిక్సింగుకు మద్రాసు పోయి వచ్చేవి. "ఫ్రీగా వచ్చేదాంట్లో ఏముంటాదక్కా, పిల్లకాయలు ఆడుకునేది అది," అన్నాడు. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది, నా సంగతి మా ఇంట్లోవాళ్ళకు తెలుసు.

తీయడం రెండు పొద్దుల్లో అయిపోయింది. కూర్చడమే కష్టమైంది. ముందు నేను తెలివిగా, బాగా మాట్లాడిన నలుగురిని ఉంచి మిగతావాళ్ళను తీసేశాను. అది చూపించిన రోజు మా అక్షరాల కేంద్రంలో ఎవరూ పలక పట్టలేదు. సముద్రంలోంచి వచ్చిన చేపలో వాటా అందరికీ సమానమైనప్పుడు బొమ్మలో మాత్రం ఎందుకు కాదని వాళ్ళ ప్రశ్న. అందరినీ పెడితే ఎవరు ముందన్నది ఇంకో తగువు. చివరికి ఒడ్డున చేప పంచుకునే పద్ధతే పట్టుకొచ్చారు. చేపను సమానమైన కుప్పలు పోసి, తలా ఒక గుర్తు, ఒకరు గవ్వ, ఒకరు గాజుముక్క, ఒకరు చింతగింజ, ఎవరివేవో తెలియని మనిషి చేతికిచ్చి కుప్పకొకటి వేయిస్తారు. ఎవరి గుర్తు పడ్డ కుప్ప వాళ్ళది, ఇక నోరెత్తకూడదు. అలాగే నేల మీద పదకొండు గళ్ళు గీసి, నా చేత గుర్తులు వేయించి, ఆ వరసలోనే కంప్యూటరు గళ్ళు నింపించారు. తలా నలభై సెకన్లు, ఒకరికి ఎక్కువ లేదు, ఒకరికి తక్కువ లేదు. ఇక కోటకు వచ్చినప్పుడల్లా వాళ్ళు మా కార్యాలయంలో ఆ ముక్కల్ని ఎన్నిసార్లు చూశారో చెప్పలేను, ఎవరి తర్వాత ఎవరు, ఎవరేమన్నారు అన్నది పదకొండుమందికీ కంఠతా వచ్చేసింది.

నా సరదా కొద్దీ పాత సినిమాలా గీతలు పడే హంగు ఒకటి పెద్దక్క ముక్కకు తగిలించాను. ఆవిడ తన ముఖం మీద గీతలు చూసుకుని, "ఆ పొద్దు వాన యాడ పడింది? అబద్ధం సూపిస్తే వాళ్ళు నమ్ముతారా?" అని నిలదీసింది. తీసేశాను. నక్షత్రాలూ తీసేశాను. చివరికి మిగిలింది ప్రతి ముక్కకు ముందు నల్ల తెర మీద తెల్లగా ఒక పేరు. అదీ తేలిగ్గా ఒప్పుకోలేదు. పాలెంలో వాళ్ళను ఫలానావాడి అమ్మ అనో, ఫలానా ఇంటి కోడలు అనో పిలవడమే గానీ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పేరు ఉంటే అర్జీకి బలం అని చెప్పి ఒప్పించాను. కంప్యూటరులో తెలుగు అక్షరాలు వేయడం నాకు చేతకాక ఇంగ్లీషు అక్షరాల్లోనే వేశాను. నేను నేర్పిన అక్షరాలతో వాళ్ళు తమ పేర్లు చదువుకోలేకపోవడం ఒక వెలితి.

అంతా అయ్యాక భద్రం చేసి సీడీలోకి ఎక్కించాను. క్షణంలో ఎక్కింది. మద్రాసులో రోజులు పట్టే పని మాకు క్షణంలో అయిందని మా తమ్ముడి దగ్గర గొప్పలు పోయాను. సీడీ మా కంప్యూటరులోనే పెట్టి చూసుకున్నాను, చక్కగా ఆడింది. అది క్షణంలో ఎందుకు ఎక్కిందో ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది.

సోమవారం నెల్లూరులో కలెక్టరాఫీసులో అర్జీల రోజు. పదకొండుమందీ, నేనూ, పెద్దల పక్కన మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీస్తానని మా తమ్ముడూ వెళ్ళాం. జాయింట్ కలెక్టరు గారు ఉత్తరాది మనిషి, తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవారు. వీడియో తెచ్చామంటే ఆశ్చర్యపడి, హాల్లో గోడకు వేసిన తెర మీద చూద్దామన్నారు. ఆ కంప్యూటరులోనూ అదే ప్రోగ్రాం ఉంది, ఉచితం గనక ఎక్కడ చూసినా ఉండేది. సీడీ పెట్టారు, మా సినిమా తెరుచుకుంది. గళ్ళున్నాయి. పేర్లున్నాయి. పేరు పక్కన బొమ్మ ఉండవలసిన ప్రతి గడిలోనూ ఒక ఎర్ర ఇంటూ గుర్తు, పదకొండు గళ్ళకు పదకొండు గుర్తులు.

నేను తెచ్చింది సినిమా కాదు, దాని జాబితా మాత్రమేనని ఆ కంప్యూటరు దగ్గర కూర్చున్న ఉద్యోగి చెప్పాడు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్న వరస, నేను టైపు చేసిన పేర్లు, అంతే అందులో ఉండేవి. ముక్కలన్నీ కోటలో మా కంప్యూటరులోనే ఉండిపోయాయి. అసలు సినిమాగా మార్చి తీసుకురావడానికి వేరే మీట ఉంది, నేను అది నొక్కలేదు. ఇన్నాళ్ళ కష్టం, ఆ పొద్దు చేప అమ్ముకోకుండా నన్ను నమ్మి వచ్చిన పదకొండుమంది, వెనక ఇంకా ఎంతోమంది అర్జీలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఇంకోసారి తెస్తామని గొణిగాను.

జాయింట్ కలెక్టరు గారు తెర వైపే చూస్తున్నారు. ఏం తోచిందో, మొదటి పేరు పైకి చదివి, "ఈ మనిషి వచ్చిందా?" అని అడిగారు. పేరు ఒత్తు తప్పి వంకరగా వచ్చింది గానీ మస్తానమ్మ పోల్చుకుంది. లేచి నిలబడి, వీడియోలో చెప్పినదంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పి కూర్చుంది. ఆయన రెండో పేరు చదివారు. ఆదెమ్మ ముక్కలో మాటకంటే చేత ఎక్కువ. ఆమె అటూ ఇటూ చూసి, చీర చెంగు చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుని, గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీని గంపలా ఎత్తి తలకెత్తుకుని, "బరువు ఇంతకి మూడింతలు సార్," అంది. హాలంతా నవ్వింది, ఆయనా నవ్వారు. మూడో పేరు, నాలుగో పేరు. ఎవరి వంతు ఎప్పుడో వాళ్ళకు తెలుసు, పేరు సగంలో ఉండగానే లేచేవారు. నేను పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను, నాతో పని లేకపోయింది.

అయిదోది పోలమ్మ. ఆమె నోట్లోంచి మాట రావడం పాలెంలోనే అరుదు. ఆమె ముక్కలో మాటల్లేవు, బస్సు ఆగకుండా పోయాక గంపతో రోడ్డు వెంట నడిచిపోవడం ఒక్కటే. పేరు చదవగానే లేచింది, నిలబడింది. ఏమైనా చెప్పమ్మా అన్నారాయన. ఆమె తల నిటారుగా పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి లేని గంపను పట్టుకుని, హాలు ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచింది, తిరిగి వచ్చి తన చోట కూర్చుంది. అర్జీల వరసలో ఉన్నవాళ్ళు కూడా జరిగి ఆమెకు దారిచ్చారు. నేను ఏడ్చాను, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

గవ్వల వరసలో పెద్దక్క ఆఖరున పడింది. "కాటమ్మ" అని ఆయన చదవగానే, ఆవిడ పేరు కాటమ్మ అని మాలో సగంమందికి అప్పుడే తెలిసింది. నాలుగు సీట్లు తీయమని అడిగింది, పొద్దున ఒక్క ట్రిప్పుకే చాలని చెప్పింది, వాసన మా చేతులది కాదు మీరు తినే కూరదే అని కూడా చెప్పింది. ఆయన ఆవిడ ముందరే ఫోనందుకుని బస్సుల వాళ్ళతో మాట్లాడారు.

రెండు వారాలకు వెనక సీట్లు లేని బస్సు పాలెం మలుపులో ఆగింది. పదకొండు గంపలు లోపలికి ఎక్కాయి, పని మానేసి ఇంట్లో కూర్చున్న నలుగురివీ కలిపితే పదిహేను. నేనూ ఎక్కాను, గంపల మధ్య నిలబడే కోట దాకా వెళ్ళాను, దారి పొడుగునా వాళ్ళు ఒకరినొకరు ఆ ఉత్తరాది ఆయన పలికినట్టే పేర్లతో పిలుచుకుని నవ్వుకుంటూనే ఉన్నారు. గంప తలకెత్తుకుని దిగుతూ పెద్దక్క డ్రైవరుకు దణ్ణం కాదు, రేపు కాస్త ముందే రమ్మని హుకుం వేసి దిగింది. ఆ పొద్దు ఉన్నంత గర్వంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

తర్వాత సరైన మీట నొక్కి అసలు సినిమా చేసి బడి గోడ మీద చూపించాను. వాళ్ళు మర్యాదకు చూశారు గానీ, ఆ పొద్దు మేం చెప్పిందే బాగుందని తేల్చేశారు. మూవీ మేకర్‌తో నేను ఇంకో పదేళ్ళు కాపురం చేశాను. కొత్త కంప్యూటరు వచ్చినప్పుడల్లా దాని రూపు మారేది. ఒకసారి గళ్ళ కింద ఉండే కాలం కొలత పట్టీ మాయమైంది, ఇంకోసారి అది కంప్యూటరుతో రావడం మానేసి మనమే వెతికి దింపుకోవలసి వచ్చింది, ఆ తర్వాత దింపుకోవడానికీ లేకుండా తీసేశారు. పోయిందని ఎవరో చెబితే తెలిసింది. పాలెంలో ఇప్పుడు చేపకు ఐసు పెట్టెల వ్యాన్లు ఒడ్డు దాకా వస్తున్నాయి, బస్సు అవసరం లేదు.

నెల్లూరు నుంచి ఆ సాయంత్రం తిరిగి వస్తూ, పోలమ్మ నడిచినప్పుడైనా తీయకపోయావేమిరా, కెమెరా మెడలోనే వేలాడుతోంది కదా అని మా తమ్ముణ్ణి కోప్పడ్డాను. "సూస్తా ఉండిపోయినానక్కా, చెయ్యి కదల్లేదు," అన్నాడు. వాడి మీద చాలా ఏళ్ళు నాకు ఆ కోపం పోలేదు. ఇప్పుడైతే ఆ హాల్లో ముప్ఫై ఫోన్లు పైకి లేచేవి, ఈ పూట నేను దాన్ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకునేదాన్ని. ఆవేళ పోలమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి వస్తున్నంతసేపూ ఆ హాల్లో ఎవరి చేతిలోనూ అర్జీ కాగితం తప్ప ఏమీ లేదు, అందరూ ఆమెనే చూస్తున్నారు.