గిటారు లోపల చెయ్యి

వీధిలో అందరికీ ఆయన గడియారాల బాబాయి. మొండికేసిన గడియారం ఏదైనా సరే, ఆయన చేతిలో పడితే బుద్ధిగా నడిచేది. అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డాక, బజారులో కొట్టు మూసేసి ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకున్నాడు. అది జరిగి రెండేళ్లు. ఊరందరి టైమూ సరిచేసే మహానుభావుడికి తనదంటూ ఒక్క అరగంట మిగల్లేదు.

అక్క చెడ్డదేం కాదు. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. కాకపోతే ఇనుప మంచం కడ్డీ మీద చెంచాతో టంగుమనిపించిందంటే ఉన్నపళాన పరుగెత్తాల్సిందే. ఫ్యాను తగ్గించాలి, మళ్లీ పెంచాలి. తలుపు వెయ్యాలి, మళ్లీ తియ్యాలి.

ఒకరోజు పాత సామాన్ల కొట్లో ఒక గిటారు కనబడితే కొని తెచ్చుకున్నాడు. పైచెక్క ఉబ్బింది, తీగలు కట్టే దిమ్మ ఒకవైపు లేచిపోయింది. ఇరవయ్యో ఏట స్నేహితుడి గిటారు మీద నేర్చుకున్న ఒకే ఒక్క పాట ఆయన వేళ్లకి ఇంకా గుర్తుంది. దాన్ని ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా వాయించుకుంటే చాలనుకున్నాడు. అంతకుమించి ఆశేమీ లేదు.

అద్దం పెట్టి చూస్తే లోపల పైచెక్కని మోసే బద్ద ఊడి వేలాడుతోంది. ముందు అది అతకాలి, తర్వాత దిమ్మ. అంత లోపలికి అంది, బిగించి పట్టే పనిముట్టు ఆయన దగ్గర లేదు. జిగురు రాసి, గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, అరగంటసేపు వేళ్లతో అదిమి పట్టుకోవాలి.

మొదటిసారి పది నిమిషాలకే చెంచా మోగింది. చెయ్యి లాక్కుని పరుగెత్తాడు.

"ఇవాళ ఏ వారంరా?" అంది అక్క.

తిరిగొచ్చేసరికి బద్ద జారిపోయింది. రెండోసారి ఇరవై నిమిషాలు గడిచాక మోగింది.

"ఏం లేదురా, ఉన్నావో లేదో అని."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. "ఉండక ఎక్కడికి చస్తానక్కా! ఒక్క అరగంట నన్ను పిలవకుండా ఉండలేవా?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

అక్క చెంచాని దిండు కింద పెట్టేసుకుంది. "సరేలేరా, అరగంటేగా," అంది.

మర్నాడు మధ్యాహ్నం, ఏమన్నా కావాలా అని అడిగి, ఏమీ వద్దనిపించుకుని, ముచ్చటగా మూడోసారి చెయ్యి దూర్చాడు. పది నిమిషాలయినా చెంచా మోగలేదు. ప్రాణం హాయిగా ఉంది. ఇరవై అయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి, మనసు కీడు శంకించింది. పిలిస్తే చిరాకు, పిలవకపోతే భయం, ఇదెక్కడి బతుకని తనని తానే తిట్టుకున్నాడు.

"అక్కా!" అని కూర్చున్నచోటి నుంచే కేకేశాడు.

"ఆఁ, ఉన్నానులే. నీ పని చూసుకో," అంది అక్క. గొంతు కాస్త సన్నగా వినిపించింది గానీ, ఆయన కూర్చునే ఉన్నాడు.

అరగంట నిండాక మెల్లగా వేళ్లు వదిలాడు. బద్ద కదల్లేదు. సంతోషం పట్టలేక గిటారుతో సహా లోపలికి వెళ్లాడు.

"అక్కా, అతుక్కుంది!"

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. పక్కంతా తడిసి, మంచం కిందికి కారుతోంది.

"అయ్యో, పిలవచ్చు కదక్కా!"

"అరగంటన్నావుగా," అంది. దుప్పటి పైకి లాక్కుంటూ, "ఆపుకుందామనే చూశానురా," అంది.

ఆయన గిటారు పక్కన పెట్టేశాడు. నీళ్లు వేడిచేసి ఒళ్లు తుడిచాడు, చీర మార్చాడు, పక్క మార్చాడు. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. దిండు సర్దుతుంటే ఆవిడే అడిగింది.

"పనంతా అయిపోయినట్టేనా? ఇంకేమన్నా ఉందా?"

దిమ్మ ఇంకా అతకాలి. దానికీ అరగంట, చెయ్యి లోపలే.

"లేదక్కా, అయిపోయింది," అన్నాడు.

గిటారుని బీరువా మీదికి ఎక్కించాడు. దిండు కింద నుంచి చెంచా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.