బెల్లం చూసే నాలుక

తొంభైల్లో హిందూపురం బెల్లం మండీలో ఇమాంసాబ్ ఒక ముక్క నోట్లో వేసుకుని బాగుందంటేనే వేలం మొదలయ్యేది. షుగరు వచ్చాక ఆయన టీలో చక్కెర మానేశాడు, అన్నం తగ్గించాడు. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ ఎక్కువే.

"ఇంక నాతో కాదు" అని ఒకరోజు మాత్రలు పక్కకు నెట్టేశాడు.

భార్య షంషాద్‌బీ ఆయన మీసానికి అంటిన బెల్లం తుడిచింది. "మండీలో నోట్లో ఏసుకునేది యాడికి పోతాది?"

"అది తినేదా? పని కదా!" అనేసి, తన మాటకు తానే ఆగిపోయాడు.

"ఇన్ని మానుకున్నోడివి, ఇదొకటి మానుకోలేవా? ఇన్నేండ్ల చేతికి బెల్లం తెలీదా?" మాత్రలు మళ్లీ ముందుకు జరిపింది.

మర్నాడు ఆయన ముక్క విరిచి, వాసన చూసి, బాగుందన్నాడు. వేలం ఆగలేదు. నోట్లో ఊరిన నీళ్లు గుటకేసి, ఇంకో అచ్చు అందుకున్నాడు.