ముందు మీరు తినండి

ఉప్పెన వెళ్ళిన కొన్నాళ్ళకు, బందరు నుంచి మేం నలుగురు ఆడవాళ్ళం బియ్యం బస్తాలతో పడవెక్కి దివిసీమలో ఒక జాలరిపల్లెకు వెళ్ళాం. అక్కడి పిల్లలకు గంజి కాచి పోయాలని మా ఉద్దేశం.

గట్టు మీద పొయ్యి పెట్టి గంజి కాచాం. ఒక్కరూ రాలేదు. పిల్లలు దూరంగా నిలబడి గుండిగ వంకే చూస్తున్నారు. తల్లులు వాళ్ళ భుజాలు పట్టుకుని కదలనివ్వడం లేదు. ఏం తప్పు చేశామో నాకు తెలియలేదు. గంజి చల్లారిపోతోంది.

చివరికి ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చింది.

"పిల్లల్ని పంపరేం, మామ్మా?" అన్నాను.

"మా ఇంట మెతుకు ముట్టనోళ్ళ కాడ మేమెట్టా తింటామమ్మా? అడుక్కున్నట్టవుద్ది. ముందు మీరు తినండి."

నేను పంతులుగారి కోడలిని. పరాయి ఇంట మంచినీళ్ళు కూడా ముట్టి ఎరగను. ఆమె వెంట గుడిసెలోకి వెళ్తుంటే మా అత్తగారి ముఖమే కళ్ళముందు ఆడింది. లోపలంతా ఎండుచేపల వాసన. ఆమె చోళ్ళ అంబలి వంపుతుంటే, గరిటె కుండ అడుగును గీరిన చప్పుడు వినబడింది. అప్పుడు మా అత్తగారి భయం పోయి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. వద్దనలేను. తాగితే ఆ ఇంట ఇంకేం మిగలదు.

కళ్ళు మూసుకుని తాగేశాను.

బయటికొచ్చి చెయ్యి కడుక్కుంటుండగానే పిల్లలు ముంతలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

తిరుగు పడవలో దారంతా ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాను. గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చారు.

"ఏం పెట్టొచ్చావమ్మాయ్ వాళ్ళకి?"

"తినొచ్చానండీ," అన్నాను.