ఆవంలో పన్నెండో కుండ

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. లెక్కను నమ్ముతాను. నేను లెక్క తప్పానని మా బావ అన్నందుకే ఇది రాస్తున్నాను.

మాది జహీరాబాద్‌లో కుమ్మరుల ఇల్లు. నా భర్త సారె మీద కుండ తిప్పేవాడు. తెరిచి ఉండే దాని అడుగును చెక్కతో కొట్టి మూయడం నా పని. నాకది నేర్పింది మా అత్త. గడ్డి కోస్తుండగా ఆమె కుడిచేతి నడిమివేలు కొన తెగిపోయింది. కుండ మూతి కింద నాలుగువేళ్లూ నొక్కడం ఆమె అలవాటు. మూడు గోళ్ల గుర్తులే పడేవి, నడుమ ఖాళీ.

1961 దసరాకు ముందు ఆమె పోయింది. ఆ తర్వాతి మాఘంలో ఝరాసంగం పెళ్లివాళ్లు పదకొండు ఐరేని కుండలు అడిగారు. పందిట్లో పూజకు పెట్టేవి. కాల్చాక సున్నం, ఎర్రమట్టి జాజు పూసి ఇస్తాం.

కుండలను ఆవంలో పేర్చి కాల్చేది నా భర్త అన్న, మా బావ.

"అడుగులు ఇంకా పచ్చిగున్నయి బావా. రెండొద్దులు ఆగున్రి," అన్నాను.

"పెండ్లోళ్లు ఆగుతరా? నాకే చెప్పెటందుకైనవా? ఒక్కటి పలిగినా నీ చెయ్యి మంచిది గాదన్నట్టే. మల్ల మట్టి ముట్టకు."

ఒక్కో కుండ అందిస్తూ గోడ మీద బొగ్గుతో ఒక్కో గీత గీశాను. పదకొండు గీతలు. ఆ ఆవంలో ఇంకే కుండా పెట్టలేదు.

మధ్యాహ్నం ఆవం లోపల ఒకటి ఢామ్మని పేలింది. అందరం విన్నాం. బావ నా వైపు చూసి ఉమ్మేశాడు.

మర్నాడు పొద్దున బూడిద తీశాం. పెంకులున్నాయి. మంచి కుండలూ పదకొండు ఉన్నాయి. ఒకదాని మూతి కింద మూడు గోళ్ల గుర్తులు, నడుమ ఖాళీ. మిగతావాటిలాగే అదీ చెయ్యి కాలేంత వేడిగా ఉంది.

"అమ్మ చేసిన పాతదేదో కలిసుంటది. లెక్క తప్పినవ్ నువ్వే," అన్నాడు బావ. గీతలు చూపించాను. నా కళ్ల ముందే అరచేత్తో తుడిచేశాడు.

పెంకులన్నీ ఏరి చింతగింజల బంకతో అతికించాను. మూతి నుంచి అడుగు దాకా ఒక పూర్తి కుండ అయింది. అడుగు మీద నా చెక్క దెబ్బలే. అది నేటికీ మా ఇంట్లో ఉంది.

"మా అమ్మ నాకు తోడున్నది," అని పెళ్లివాళ్లతో బావ గొప్పగా చెప్పుకున్నాడు. నేను మట్టిపని మానలేదు. నా కోపమూ చల్లారలేదు.

బతికున్నన్నాళ్లూ అత్త పెద్దకొడుకు తప్పును ఒక్కనాడూ తప్పనలేదు. ఆ రోజు వచ్చింది ఆమే అయితే, నా చెయ్యి నిలబెట్టడానికి వచ్చిందా, ఆయన తప్పు కప్పడానికి వచ్చిందా? ఇప్పటికీ నాకు తెలియదు.

పదకొండు పెట్టాం. పన్నెండు తీశాం. లెక్క మాత్రం నేను తప్పలేదు.