తలుపుకు అంటుకోని అయస్కాంతం

రెండేళ్ల కిందట ప్రొద్దుటూరులో మా పాత కారు అమ్మకానికి పెట్టాను. మా ఇంటి గేటుకే తగిలి దాని ఎడమ తలుపు సొట్టపోయింది. బాగుచేయిస్తే పద్దెనిమిది వేలు ఖర్చు, ధరలో పెరిగేది పది వేలకు మించదు. కాగితం మీద లెక్క వేసి, ఉన్నదున్నట్టే అమ్మేద్దామనుకున్నాను.

జీవితంలో సైకిల్ కూడా అమ్మని మా బావమరిది ఆ కాగితం చూసి నవ్వాడు.

"ఏంది బావా, సొట్టబండి ఎవడు కొంటాడు? రంగు కొట్టిచ్చు, నలభై వేలు ఎక్కువొస్తాది."

ఇంట్లో అందరూ వాడికే తలూపారు. చేయించాను.

పులివెందుల నుంచి కొనడానికి వచ్చినాయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, కారు చుట్టూ ఆనించి చూశాడు. సొట్టను పుట్టీ మెత్తి పూడ్చిన చోట అది అంటుకోక కిందపడింది.

"ఈడంతా పుట్టీనే ఉండాది. లారీని గుద్దినావాప్పా?"

"లేదప్పా, మా గేటుకు తగిలింది."

"గేటుకు తగిలిందాన్ని ఇంత కష్టపడి ఎవుడన్నా దాస్తాడా?"

చూస్తున్న వీధంతా నవ్వింది. ఆయన వెళ్లిపోయాడు. లారీని గుద్దిన బండి అన్న మాట ఊరంతా పాకి, చివరికి సొట్టతో వస్తుందనుకున్న ధరకన్నా ముప్పై వేలు తక్కువకు అమ్మాను.

"టైము బాగలేదు బావా," అన్నాడు బావమరిది, మా ఇంటి కాఫీ తాగుతూ.

వాడికి లెక్క రాదు, వదిలేద్దాం. లెక్క వచ్చి కూడా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నవాణ్ణి ఏమనాలి?